పాదం మీద బరువు

స్తంభం అనుకోండి మేడమ్, అన్నాడు ట్రైనరు, మిమ్మల్ని మీరు ఒక కరెంటు స్తంభం అనుకోండి, పిలవకూడదు, చూడకూడదు, కదలకూడదు, వాడెవడో మీకు తెలీదు, మీరెవరో వాడికి తెలీదు, అంతే. దానికి ఆవిడ, అలాగే నాయనా, పెళ్లైన దగ్గర్నుంచీ మా ఇంట్లో నేను చేస్తున్న ఉద్యోగం అదేగా, ఒకరు ఆనుకుంటారు, ఒకరు తడిబట్ట ఆరేసుకుంటారు, దీపం వెలక్కపోతే మాత్రం అందరూ తలలెత్తి చూస్తారు, అనబోయి మానేసింది, ఎందుకంటే నవ్వితే జీతంలో కోస్తారన్నట్టుంటాడు ఆ మనిషి. ఇప్పుడు ఈ బస్‌స్టాపులో, ఇనప బల్ల మీద, రెండు చేతులూ తొడల కింద దాచుకుని, గోడకుర్చీ శిక్ష సగంలో ఆపిన బడిపిల్లలా కూర్చుని ఉంది. చేతుల్ని నమ్మడానికి వీల్లేదు. తొడ మీద రెండుసార్లు తడితే రమ్మని సైగ. ఏడాదిపైన తట్టీ తట్టీ ఇప్పుడు పాలు పొంగినా, గుమ్మంలో గంట మోగినా, టీవీలో ఎవరో పాపం చచ్చిపోయినా, కుడిచెయ్యి దానంతటది తొడ మీదికి పోతుంది. వాడు ఇల్లు వదిలి ఇన్నాళ్లైనా చేతికి ఆ కబురు అందలేదు. కాబట్టి చెయ్యి మీద ఒళ్లంతా వేసి కూర్చోవడమే క్షేమం, దేవుడు ఒంటికి ఇచ్చిన బరువుకి ఇన్నాళ్లకి ఒక ఉపయోగం దొరికింది.

వాడు ఈ కాలిబాట మీదే వస్తాడు, అదిగో ఆ మందులషాపు మలుపు తిరిగి, ఎడంవైపు గోడ వారగా, వీపుకి కట్టిన పట్టీ, పట్టీకి నిలబెట్టిన పిడి, పిడి మీద ఇంకెవరిదో చెయ్యి. మాంసం కొట్టు దాటాడు మేడమ్, పిల్లిని దాటాడు, రోడ్డు తవ్వే మిషన్ని దాటాడు, ఇంక మిమ్మల్నొక్కరినే దాటాలి, అని ట్రైనరు ఫోన్లో చెప్పినప్పుడు, మిషన్ తర్వాతి స్థానం దక్కినందుకు సంతోషించాలా వద్దా తేలక ఆవిడ ఊఁ అని ఊరుకుంది. చూపులేని వాళ్లకి దారి చూపే కుక్కల్ని తయారుచేసే సెంటరు వాళ్లది. తల్లిపాలు మానగానే పిల్లల్ని ఇళ్లకిస్తారు, మెట్లెక్కడం, లిఫ్టులో నిలబడటం, బజారులో గుంపు చూసి బెదరకపోవడం, ఎదురుగా పళ్లెం ఉన్నా అడగకపోవడం నేర్పమంటారు, పెద్దదయ్యాక వచ్చి తీసుకుపోయి అసలు చదువు చెబుతారు. చదువు అయిపోయింది. ఇవాళ ఆఖరి పరీక్ష. పెంచిన మనిషి దారిలో కూర్చుని ఉండాలి, వాడు ఆగకుండా దాటిపోవాలి. దాటితే వాడు పిడి పట్టుకున్నావిడ సొంతం. ఆగితే, లాగితే, ఒళ్లోకి దూకితే తప్పినట్టు, తప్పిన కుక్క సంగతి ముందుగా పెంచిన ఇంటినే అడుగుతారు, ఉంచుకుంటారా అని. ఉంచుకుంటారా! రెండు పూటలు పస్తున్నవాణ్ణి, ఒక ముద్ద తింటారా, అని మర్యాదగా అడిగినట్టు.

బల్ల ఆ చివర పేపరు చదువుతున్న పెద్దాయన, ఏ బస్సమ్మా, అన్నాడు. తల అడ్డంగా ఊపింది. ఎవరికోసమైనా చూస్తున్నారా, అన్నాడు. నిలువుగా ఊపితే ఎవరికోసం అంటాడు, అందుకని మళ్లీ అడ్డంగానే ఊపింది. వాడి చెవుల సంగతి ఆవిడకి తెలుసు, పైఅంతస్తులో బిస్కెట్ల డబ్బా మూత కదిలితే కింద గేటు దగ్గర తోక లేచేది. ఈ వీధిలో కాలు పెట్టిన క్షణం నుంచే నోటికి తాళం. పాపం, మాటలు రావు కాబోలు, అని పెద్దాయన తన పేపరుతో చెప్పుకున్నాడు, వినపడదు కూడా అనుకున్నాడేమో గట్టిగానే చెప్పుకున్నాడు. అప్పుడు గుడ్డి, ఇప్పుడు మూగ, ఈ కుక్క పుణ్యమా అని ఒక్కో ఇంద్రియమే రాలిపోతోంది. వాడికి చిన్న పసుప్పచ్చ కోటు తొడిగి మొదటిసారి పెద్దరోడ్డు మీదికి తీసుకెళ్లిన రోజు అది, కోటు చూసి, నల్లకళ్లద్దాలు చూసి, ఎవరో పుణ్యాత్ముడు వచ్చి మోచెయ్యి పట్టుకున్నాడు, రండమ్మా నేను దాటిస్తాను, కంగారు పడకండి, కారు వస్తోంది, ఆగండి, ఇప్పుడు నడవండి, అంటూ. దాటాల్సిన పనే లేదు ఆవిడకి. నాకు కళ్లున్నాయి బాబూ అని చెబితే మొహం ఎక్కడ పెట్టుకుంటాడో అని, చక్కగా గుడ్డిదానిలా దాటింది, చల్లగా ఉండు నాయనా అని దీవించింది కూడా. వాడు, కుక్కపిల్ల, తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు, ఏమిటీ నాటకం, అన్నట్టు. ఆ మనిషి మలుపు తిరిగేదాకా నిలబడి మళ్లీ ఇటు దాటి వచ్చారు ఇద్దరూ. ఆ సాయంత్రం ఆయనకి చెబితే నవ్వీ నవ్వీ, నీకు కళ్లు లేవని నేను పెళ్లిచూపుల్లోనే కనిపెట్టాను, లేకపోతే నన్ను ఎందుకు చేసుకుంటావు, అన్నాడు.

మేష్టారు అని పేరు పెట్టింది ఆయనే. సెంటరు వాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది, కాగితాల మీద వాడుకునే పేరు, ఇంట్లో ఎవరి నోటికీ ఎక్కలేదు. వచ్చిన మొదటి రోజు గది మధ్యలో కూర్చుని, ఇంట్లో వాళ్లందరినీ ఒకరి తర్వాత ఒకరిని, మీలో హోంవర్కు చేయనివాళ్లు ఎవరు, అన్నట్టు చూశాడు. అప్పుడు అరచేతిలో పట్టేవాడు, తేనెరంగు, ఎడమచెవి కొసన తెల్లమచ్చ, పాలు తాగి ఆ తలని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరిగి తిరిగి ఎవరి చెప్పులోనో పెట్టుకుని పడుకునేవాడు. మంచం ఎక్కనివ్వకూడదు, బల్ల మీది ముక్క పెట్టకూడదు, బంతి విసరకూడదు, బంతి వెంట పరిగెత్తే కుక్క రేపు పిడి పట్టుకున్న మనిషిని రోడ్డు మధ్యకి ఈడ్చుకుపోతుంది. ఇన్ని కూడదులు తన కూతురికి పెట్టి ఉంటే అది ఏటా క్లాసులో ఫస్టు వచ్చేది. ఆయన మాత్రం ఆవిడ స్నానానికి వెళ్లగానే మేజోళ్లు ఉండచుట్టి విసిరేవాడు, తలుపు చాటు నుంచి గోళ్ల చప్పుడు వినపడేది, బయటికొచ్చేసరికి తండ్రీ మేష్టారూ పక్కపక్కన కూర్చుని గోడ చూస్తుండేవారు, దొంగలు ఊళ్లు పంచుకుంటున్నట్టు. ఇప్పటికీ ఆయన ఆఫీసు నుంచి వచ్చి తలుపు జానెడే తీసి ముందు కాలు అడ్డం పెడతాడు, మేష్టారు బయటికి దూరిపోకుండా. మేష్టారు లేడు. కాలు పెట్టాక గుర్తొస్తుంది, ఆ కాలు అక్కడే కాసేపు ఉంచి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగుతాడు. ఆవిడ వంటింట్లోంచి చూస్తుంది, చూడలేదన్నట్టు కుళాయి తిప్పుతుంది.

మందులషాపు మలుపులో ఎవరో వస్తున్నారు. కాదు, గొడుగు. గుండె ఇలా గొడుగులకీ కర్రలకీ కొట్టుకుంటే అసలైనప్పుడు ఏం మిగులుతుంది. వాడికి నేర్పిన మాటలన్నీ సెంటరు వాళ్లిచ్చినవే, కూర్చో, పడుకో, ఆగు, ఇంకా బయటికి తీసుకెళ్లి నిలబెట్టి చెప్పాల్సిన మాట ఒకటి, పని కానీ. చెప్పినచోట, చెప్పినప్పుడే కాలకృత్యం తీర్చుకోవాలి దారి చూపే కుక్క. వానలో, మంచులో, తెల్లారకముందే గొడుగు పట్టుకుని, పని కానీ నాయనా, పని కానీ, అని ఆవిడ బతిమాలుకునేది. ఒకరోజు ఆయన కూతురి మీద విసుక్కుంటూ, ఆ ఫోను అవతల పారేసి ముందు పని కానీ, అన్నాడు గట్టిగా, మేష్టారు లేచి కొత్త తివాచీ మధ్యకి నడిచి, ఎంతో బాధ్యతగా, పని కానిచ్చాడు. ఈ ఇంట్లో నా మాట వినేది వీడొక్కడే, అన్నాడు ఆయన, తివాచీ ఉతికింది ఆవిడ. నవ్వొచ్చింది ఇప్పుడు, నవ్వు కూడా నోరు దాటకూడదు, స్తంభాలు నవ్వవు.

అయితే ఆ మాట తెలిసి నేర్పింది. తెలియకుండా నేర్పింది ఇంకొకటుంది, అందుకే ఇవాళ ఈ బల్ల ఇంత చల్లగా ఉంది. మధ్యాహ్నం గిన్నెలు బోర్లించి, గట్టు తుడిచి, కుర్చీలో కూలబడి హమ్మయ్య అంటుంది ఆవిడ. ఎవరనరు. ఆ హమ్మయ్య వినపడగానే వాడు ఏ గదిలో ఉన్నా వచ్చి, కుడిపాదం మీద గడ్డం ఆనించి పడుకునేవాడు, వెచ్చగా, బరువుగా, ఊపిరి వదిలితే వేళ్ల సందుల్లోంచి పోయేది. పెద్దయ్యేకొద్దీ బరువు పెరిగింది, కాలు తిమ్మిరెక్కేది, తీయబుద్ధయ్యేది కాదు, గుమ్మంలో గంట మోగినా, వస్తున్నా, అని అరుస్తూ కూర్చునే ఉండేది. ఎవరూ నేర్పినట్టు లేదు, ఎవరూ నేర్చుకున్నట్టూ లేదు. వాణ్ణి తీసుకెళ్లిన కొన్నాళ్లకి సెంటరు నుంచి ఫోను. మేడమ్, వీడికి మీరు హమ్మయ్య అని ఏమైనా నేర్పారా. పడుకో అంటే తీరిగ్గా ఆలోచిస్తాడు, మా వంటావిడ బియ్యం బస్తా దింపి హమ్మయ్య అనగానే వచ్చి ధబీమని పడుకున్నాడు. ఇదివరకెప్పుడూ ఏ ఇల్లూ ఇలాంటిది నేర్పి పంపలేదు మేడమ్, మాన్పించాలి. ఆవిడ క్షమించమంది, సిగ్గుపడింది, ఫోను పెట్టేయబోతుంటే అతనే అన్నాడు, పడుకుంటాడు గానీ ఏదో వెతుకుతాడు మేడమ్, ఎవరైనా కాలు పెడితే వాసన చూసి వదిలేస్తాడు, చివరికి ఒట్టి నేల మీద పెట్టుకుంటాడు తలని. ఆ ఒట్టి నేల మీది తల సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ఆయనకీ చెప్పలేదు. పండగ చీరలా మడతపెట్టి అడుగున దాచుకుంది, ఎవరూ లేనప్పుడు తీసి చూసుకునేది, నా కాలు కోసం వెతుకుతున్నాడు, ఇంకెవరిదీ వద్దంటున్నాడు. చూసుకుని మురిసేది, మురిసినందుకు ఒళ్లు మండేది, పిల్లాడు బెంగపెట్టుకుంటే సంబరపడే తల్లి ఏం తల్లి.

బస్సు వచ్చింది, పెద్దాయన లేచాడు, పోతూ పోతూ పేపరు ఆవిడ పక్కన పెట్టి, చదువుకోమన్నట్టు చేత్తో సైగ చేశాడు, ఎంత మంచివాళ్లున్నారు లోకంలో, స్తంభాలకి కూడా పేపరు వేస్తారు. బస్సు కదిలి దుమ్ము లేచింది. గొంతులో ఏదో గరిక ఇరుక్కున్నట్టయింది. మింగింది. పొద్దున్న కూతురు పళ్లు తోముకుంటూ, నురగనోటితో వంటింటి గుమ్మంలో నిలబడింది. అమ్మా, నువ్వు పిలవక్కర్లేదు, ఏం చేయక్కర్లేదు, ఒక్కసారి దగ్గు చాలు. దగ్గడం తప్పు కాదుగా, దగ్గు అందరికీ వస్తుందిగా. ముందు నోరు కడుక్కో, అంది ఆవిడ, గిన్నె తోముతూ, తోమిన గిన్నెనే మళ్లీ తోముతూ. వ్యాను వచ్చిన రోజు నుంచీ ఆ పిల్ల ముక్తసరిగానే మాట్లాడుతోంది. ఆ రోజు మేష్టారు వ్యాను ఎక్కనని మొండికేయలేదు, నేర్పిన పిల్లాడు కదా, ఎక్కు అనగానే ఎక్కి, బోనులో కూర్చుని, ఆవిడ కూడా ఎక్కుతుందని పక్కకి జరిగి చోటిచ్చాడు. తలుపు వేసేశారు. మెట్ల మీద కూతురు, ఇచ్చేయడానికేనా తెచ్చావు, అంది. అవునమ్మా, చెప్పే తెచ్చాంగా. మరి నన్ను కూడా అలాగే పెంచుతున్నావా, బాగా నేర్పించి ఎవరికో ఇచ్చేయడానికి. జవాబు తట్టలేదు ఆవిడకి, చదువుకున్న కాలేజీ చదువంతా ఆ మెట్ల మీద అక్కరకు రాలేదు, ఆ తర్వాత తట్టిన జవాబులు చాలా ఉన్నాయి, రోజుకొకటి తడుతుంది, గిన్నెలు తోముతున్నప్పుడు, అన్నీ బాగుంటాయి, ఏదీ నిజం కాదు. ఇవాళ ఇంటికెళ్లేసరికి ఆ పిల్ల గుమ్మంలో ఉంటుంది, అమ్మ మొహం చూడదు, అమ్మ వెనకాల చూస్తుంది.

చెప్పులు చూసుకుంది ఆవిడ. కుడిచెప్పు మడమ దగ్గర సగం చంద్రుడిలా కొరికేసి ఉంది, వాడికి పళ్లొచ్చే రోజుల నాటిది. పొద్దున్న కొత్త బూట్లు వేసుకుని కిందిదాకా వచ్చి, కరుస్తున్నాయని వెనక్కెళ్లి ఇవి వేసుకుంది. బూట్లు నిజంగా కరిచాయా. కరవలేదు. ఏ సబ్బు వాడతారో అదే వాడండి మేడమ్, పరీక్ష సరిగ్గా జరగాలి, అన్నాడు ట్రైనరు, సబ్బు గురించి అన్నాడు గానీ చెప్పుల గురించి అనలేదుగా. చూశావా, లోపల కూర్చున్న లాయరు ఎంత తెల్లవారుజామునే లేచిందో. ఈ చెప్పుల వాసన వాడికి పుట్టింటి వాసన, ఇవి వేసుకుని దారిలో కూర్చోవడం అంటే పెదవి కదపకుండా పిలవడమే. అవతల పిడి పట్టుకునేది ఒక లెక్కల టీచరు. ముఖం తెలీదు, సంగతి ట్రైనరు చెప్పాడు. చూపు పోయాక కూడా చేతికర్రతో బడికి వెళ్లి పాఠం చెప్పేదట, బోర్డు మీంచి ఇటు తిరగకుండానే ఏ బెంచీ వాడు కాపీ కొడుతున్నాడో చెప్పేదట. ఎవరో కేబులు వేయడానికి కాలిబాట తవ్వి, అడ్డు పెట్టకుండా భోజనానికి వెళ్లారు. ఆ గోతిలో పడి విరిగిన కాలు అతికింది గానీ ధైర్యం అతకలేదు, గడప దాటాలంటే ఒళ్లంతా చెమట. ఈ సెలవులు అయ్యేలోగా ఎవరి సాయం లేకుండా రాగలిగితే ఉద్యోగం ఉంటుందన్నారట బడివాళ్లు. సెలవులు అయిపోవచ్చాయి. వీడు తప్పితే ఇంకో కుక్క ఆవిడ నడకకి కుదిరేసరికి మళ్లీ ఏడాది. ఒక్క దగ్గు. ఒక దగ్గులో ఒక ఇల్లు నవ్వుతుంది, ఒక ఇల్లు తలుపు వేసుకుంటుంది. ఆవిడకి ఆ టీచరంటే కోపమొచ్చింది, ఉద్యోగం పోతుందని ఎందుకు చెప్పారు నాకు, తెలియకపోతే హాయిగా దగ్గేదాన్నిగా, అని. కాళ్లు బల్ల కిందికి లాక్కుంది. మళ్లీ కొంచెం ముందుకి పెట్టింది. మళ్లీ లాక్కుంది.

వచ్చాడు.

ముందు నడక తెలిసింది, తర్వాత మనిషి, ఆ నడక ఆవిడ మెట్లమీద నేర్పిన నడకే, కానీ ఇప్పుడందులో తొందర లేదు, పక్కన ఒక ఒళ్లు ఉందని తెలిసిన నడక. ఎంత ఎదిగాడు. మెడ నిండింది. పిడి పట్టుకున్నావిడ సన్నగా, పొడుగ్గా, నల్ల బూట్లు, కొంచెం కుంటు. వాళ్ల వెనకాల చాలా దూరంలో ట్రైనరు, దారిన పోయే మనిషిలా నటిస్తూ, నటన రానివాడిలా నడుస్తూ. చూడకూడదు. ఎదురుగా ఉన్న గోడ మీది పోస్టరు చూసింది, పోస్టరులో ఏముందో కళ్లకి తెలీదు. గోళ్ల చప్పుడు దగ్గరైంది. ఒక్క క్షణం ఆ చప్పుడు తప్పింది, ఒక్క గోరు, అంతే, ఎవరికీ తెలియదు, ఆవిడకి తెలిసింది, వాసన తగిలింది వాడికి. ఇంతలో ఎవరూ అనుకోనిది జరిగింది. "అబ్బ, కాలు లాగేస్తోందిరా," అంది టీచరు. "కుర్చీ చూడు. కుర్చీ." ఇది పరీక్షలో లేదు, దాటిపోవడమే ఉంది, దూరంగా ట్రైనరు కాలు గాల్లోనే ఆగిపోయింది, అరవలేడు, పరిగెత్తలేడు, ఇప్పుడు అతనూ స్తంభమే. వాడు అటూ ఇటూ చూశాడు, తిన్నగా వచ్చాడు, బల్ల ఖాళీ చోట, ఆవిడ తొడ పక్కన, చెయ్యి దాగిన చోటుకి వేలెడు దూరంలో, గడ్డం ఆనించి నిలబడ్డాడు, ఇదిగో కుర్చీ, అని. ఆ వెచ్చటి ఊపిరి మణికట్టుకి తగిలింది. చెవి కొసన తెల్లమచ్చ అలాగే ఉంది. కళ్లెత్తాడు. ఆవిడ పోస్టరు చూస్తోంది. పోస్టరు నీళ్లల్లో కరిగి గోడ మీంచి జారిపోతోంది.

టీచరు బల్ల తడిమింది, పేపరు పక్కకి జరిపింది, కూర్చుంది. "హమ్మయ్య," అంది.

ఆవిడ కుడిపాదం అప్పటికే ముందుకి వెళ్లిపోయింది. ఎవరడిగారు దాన్ని, ఎవరు పొమ్మన్నారు, కొరికిన చెప్పుతో సహా ముందుకి జరిగి, వేళ్లు కాస్త విప్పుకుని, సిద్ధంగా ఉంది. వాడు ఒక చుట్టు తిరిగాడు, ఇంకో సగం చుట్టు తిరిగాడు, మోకాళ్లు మడిచాడు. నాలుగు పాదాలున్నాయి బల్ల కింద, రెండు బూట్లు, రెండు చెప్పులు. ముక్కు చెప్పుల దాకా వచ్చింది, ఆగింది, దీర్ఘంగా ఒక ఊపిరి పీల్చుకున్నాడు, ఇల్లంతా పీల్చుకున్నట్టు. తర్వాత వెనక్కి తిరిగి, పెద్దగా నిట్టూర్చి, నల్లబూటు మీద గడ్డం పెట్టాడు.

వెనకభాగం ఇటు మిగిలింది. తోక వచ్చి ఆవిడ రెండు చెప్పుల మీదా అడ్డంగా పడింది, తాడు ముక్కలా. తల అక్కడ, తోక ఇక్కడ. పంపకం అయిపోయింది, పెద్దమనుషులు కూడా అక్కర్లేకుండా. అడుగున దాచుకున్న మడత ఎవరో లాగి విప్పేశారు, ఒట్టి నేల ఇంక లేదు, వాడికి కాలు దొరికింది. ఇదే కదమ్మా కావాల్సింది, ఇందుకే కదా వానలో గొడుగు పట్టింది, అని లోపల ఎవరో చెబుతున్నారు, చెప్పనీ, చెప్పేవాళ్లకేం, గొంతులో గరిక మాత్రం పెరిగి చెట్టయింది. దగ్గు. నిజం దగ్గు, దొంగది కాదు, దుమ్ముది, ఏ కోర్టూ తప్పు పట్టలేనిది. బూటు మీద తల ఇంకా కుదురుకోలేదు, ఇప్పుడే, ఈ క్షణంలో, ఒక్క చిన్న దగ్గు. పళ్లు బిగించింది. చెవుల్లో హోరు. కళ్లలోంచి నీళ్లు గడ్డం దాకా వచ్చి వేలాడుతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి లేదు, చెయ్యి కింద ఉంది.

"టైమెంతైందండీ?" అంది టీచరు, ఇటు తిరిగి.

బస్సు సంగతడిగితే ఊరుకోవచ్చు, దారి అడిగితే ఊరుకోవచ్చు, టైమడిగితే చెప్పని మనిషి ఉంటుందా, శత్రువుకైనా చెబుతారు.

"ఉన్నారని తెలుసండీ. ఊపిరి బిగపట్టినా వినపడుతుంది. పర్లేదు లెండి, అలవాటే. గుడ్డిదాన్ని నేను, నన్ను చూడగానే మూగవాళ్లైపోతారు జనం."

ఆ మాట వచ్చి మెత్తగా తగిలింది, మెత్తగా కాబట్టి లోపలిదాకా దిగింది. అప్పుడు కదిలింది తోక. చెప్పు మీద ఒకసారి. మళ్లీ ఒకసారి. తల కదలలేదు, ఒళ్లు కదలలేదు, పిడి కదలకుండా పడుకున్న కుక్క ఎలా పడుకోవాలో అలాగే ఉన్నాడు, తోక మాత్రం, దానికి ఎవరూ ఏ పాఠమూ చెప్పలేదు పాపం, కొరికిన చెప్పు మీద టపటపమంటోంది. టీచరు చెయ్యి పిడి మీద ఉంది. ఆ చేతికి అన్నీ తెలుస్తాయట, గుంట, మెట్టు, భయం, వాడు ఏ కుక్కని చూసి గర్వపడ్డాడో కూడా. ఆ చేతివేళ్లు పిడి చుట్టూ నెమ్మదిగా బిగుసుకున్నాయి. ఇటు తిరిగిన మొహం ముందుకి తిరిగింది.

"ఓహో," అంది టీచరు.

అని, వంగి, వాడి చెవితో మాట్లాడటం మొదలుపెట్టింది. ఒకళ్లకి వినపడాలని ఇంకొకళ్లతో అనడం వంటింట్లో పుట్టి పెరిగిన ప్రతివాళ్లకీ వచ్చిన విద్యే, అయితే ఎప్పుడూ దెప్పడానికే వాడతారు దాన్ని, ఇలా కూడా వాడొచ్చని ఆవిడకి తెలీదు. "చూడరా అబ్బాయ్, నిన్ను పెంచినావిడ ఎవరో గానీ, మహా చెడ్డ అలవాటు చేసింది నీకు. మాన్పిస్తామన్నారు సెంటరు వాళ్లు. మాన్పిస్తే చంపేస్తానన్నాను. నువ్వెక్కడున్నావో తడుముకోవక్కర్లేదు నాకు, కాలే చెబుతుంది. మొదట్లో పెట్టేవాడివి కాదుగా, ఎంత పొగరు. కాలు జరిపితే వాసన చూసి, ఛీ, నువ్వు కాదు, అని నేల మీద పెట్టుకునేవాడివి. పోయిన వారం పెట్టావు. ఆ రోజు నేను మా అక్కకి ఫోన్ చేసి ఎంత ఏడ్చానో, పెళ్లి కుదిరినప్పుడు కూడా అంత ఏడవలేదు." నవ్వింది. "కాకపోతే తిమ్మిరెక్కి చస్తున్నాననుకో. ఆవిడెక్కడైనా కనపడితే అడుగు, ఆవిడ ఏం చేసేదో తిమ్మిరెక్కితే."

ఏమీ చేసేది కాదు. తీసేది కాదు. కూర్చునే ఉండేది, వస్తున్నా, అని అరుస్తూ.

"పద," అంది టీచరు, లేచి. తోక చెప్పుల మీంచి లేచింది. వాడు లేచి, ఒళ్లు విదుల్చుకుని, పిడి టీచరు చేతికి అందేలా నిలబడ్డాడు. రెండడుగులు వేసి ఆగాడు. ఆగాడు! ఆవిడ గుండె కూడా ఆగింది. దారికి అడ్డంగా ఆవిడ చేతిసంచీ ఉంది, వచ్చినప్పుడు అలా పడేసింది కంగారులో, వాడు ఏడాదిపాటు బిస్కెట్ల కోసం తల దూర్చిన సంచీ. దాన్ని చూశాడు, గోతినో రాయినో చూసినట్టు చూశాడు, టీచరు మోకాలికి ఒళ్లు అడ్డం పెట్టి, చుట్టూ తిప్పి, జాగ్రత్తగా దాటించి, తిన్నగా వెళ్లిపోయాడు. తోక మామూలుగా ఉంది. వెనక్కి తిరగలేదు. తిరగకూడదని ఆవిడే నేర్పింది.

ట్రైనరు ముందు నుంచి వెళుతూ తల తిప్పకుండా, పెదవులు కదపకుండా, "ఇంక దగ్గొచ్చు మేడమ్," అన్నాడు. జీతంలో ఎంత కోశారో గానీ గొంతు సరిగ్గా లేదు అతనిది.

నోరు తెరిచింది. దగ్గు రాలేదు. ఎక్కడికి పోయిందో, అంత ప్రాణం తీసిన దగ్గు, వెతికినా లేదు. తొడల కింది నుంచి చేతులు తీసుకుంది, అరచేతుల నిండా ఇనప బల్ల గీతలు. మొహం తుడుచుకుంది. వాళ్లు వీధి చివర చిన్నగా అయిపోయి, ఇద్దరూ కలిసి ఒకే ఆకారంలా అయిపోయి, మలుపులో లేకుండా పోయారు. ఆవిడ కుడికాలు ఇంకా ముందుకే చాపి ఉంది. లాక్కుందామనుకుంది, రాలేదు. ఇంటికెళ్లాలి, గుమ్మంలో ఒక పిల్ల ఉంటుంది, అమ్మ వెనకాల చూస్తుంది, ఎవరూ ఉండరు, అప్పుడు ఏదో ఒకటి చెప్పాలి, తట్టిన జవాబులన్నీ కాక ఇంకోటి.

బస్సు వచ్చి ఆగింది, తలుపు తెరుచుకుంది. డ్రైవరు అటు నుంచి వంగి, ఎక్కుతారా అమ్మా, అన్నాడు.

ఇంతసేపూ మూసి ఉన్న గొంతు, మొదటి మాట ఎవరిదో లాగా వచ్చింది.

"కొంచెం ఆగు నాయనా," అంది ఆవిడ, "కాలు తిమ్మిరెక్కింది."